తీపి నీటికీ ఉప్పు నీటికీ నడుమ: మా దివిసీమ

కాలేజీలో చేరిన కొత్తలో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే "కోడూరు" అని చెప్పేవాణ్ణి. వెంటనే "రైల్వేకోడూరా? మామిడికీ అరటికీ పేరున్న ఊరు కదా!" అనేవారు. కాదు మహాప్రభో, అది రాయలసీమలో ఉంది. మా కోడూరుకు రైలే లేదు. ఆ మాటకొస్తే మా దివిసీమ మొత్తానికే రైలు లేదు. ఇటు బందరు దాకా, అటు రేపల్లె దాకా వచ్చి రైలు పట్టాలు ఆగిపోయాయి. ఆ రెండింటికీ మధ్య, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్నవాళ్లం మేము.

మరికొందరు మాత్రం "దివిసీమా? ఉప్పెన వచ్చింది అక్కడే కదూ!" అని గుర్తుపట్టేవారు. నిజమే, వచ్చింది. కాని ఒక ప్రాంతాన్ని అది పోగొట్టుకున్న దాన్నిబట్టే లోకం గుర్తుంచుకోవడం ఆ ప్రాంతంవాడికి కొంచెం కష్టంగానే ఉంటుంది. రెండు వేల ఏళ్ల చరిత్రా, మడ అడవులూ, వరిచేలూ, రొయ్యల చెరువులూ అన్నీ ఒక్క రోజు వెనక మరుగున పడిపోతాయి. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగ్గానే మా సీమనే పరిచయం చేద్దామనుకున్నాను. పుట్టిన గడ్డ మీద అభిమానంతో ఎక్కడైనా నాలుగు మాటలు ఎక్కువ చెబితే పాఠకులు మన్నించాలి.

ఉనికి

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి దిగువకు వచ్చిన కృష్ణ, అవనిగడ్డ పక్కనున్న పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుంది. తూర్పు పాయ హంసలదీవి వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. పడమటి పాయ నాగాయలంక మీదుగా దిగి, ఎదురుమొండి దీవుల దగ్గర మళ్లీ విడిపోయి సముద్రాన్ని చేరుతుంది. ఈ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న నేలే అసలైన దివి. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక మండలాలు ఇందులో ఉన్నాయి. దీవి అన్న మాటే జనం నోట దివి అయిందంటారు.

అయితే పాత దివి తాలూకా ఇంతకంటే పెద్దది. చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల, మొవ్వ, కూచిపూడి కూడా అందులోవే. 1985లో మండలాలు ఏర్పడి తాలూకా పోయినా, మా పెద్దవాళ్లు ఇప్పటికీ అవన్నీ కలిపే "మన దివి" అంటారు. నేనూ ఈ వ్యాసంలో ఆ లెక్కనే పాటిస్తున్నాను.

ఈ నేల ప్రత్యేకత ఏమిటంటే ఇది రాయి లేని నేల. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక, ఆ కింద ఉప్పు నీరు. గుట్ట లేదు, కొండ లేదు. ఎత్తయినదేదైనా ఉందంటే అది తాటిచెట్టో గుడి గోపురమో కరకట్టో. మహారాష్ట్రలోనూ కర్ణాటకలోనూ తెలంగాణలోనూ కురిసిన వాన తెచ్చిన మట్టి వేల ఏళ్లపాటు పేరుకుని మా ఊళ్లయింది. అంటే మేం నిలబడి ఉన్నది ఎక్కడెక్కడివారి పొలాల మన్ను మీదనో! ఈ సంగతి గుర్తుంచుకుంటే తక్కిన విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి. నది తీపి నీటినీ మట్టినీ తెచ్చి ఇస్తుంది. సముద్రం వాటిని వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. మా చరిత్రా, మా పంటలూ, మా అడవులూ అన్నీ ఈ రెంటి మధ్య తూగు మీద ఆధారపడి ఉన్నాయి.

వారసత్వం

మా ప్రాంతంలో చరిత్ర ఘంటసాలతో మొదలవుతుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ ఈ తీరంలో "కంటకోస్సిల" అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో "కంటకసెల" మహాచైత్యం ప్రస్తావన ఉంది. ఆ రెండూ మన ఘంటసాలేనని చరిత్రకారుల నిర్ణయం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ బౌద్ధ స్తూపం బయటపడింది. దాని శిల్పాల్లో కొన్ని సముద్రాలు దాటి పారిస్‌లోని గిమే మ్యూజియానికి చేరాయి. మిగిలినవి చూడాలంటే ఘంటసాల ఊళ్లోనే చిన్న మ్యూజియం ఉంది. శివపార్వతులు ఒకే పీఠం మీద కొలువైన జలధీశ్వరాలయం కూడా ఆ ఊళ్లోనే ఉంది. శివుడి పేరులోనే జలధి ఉంది చూడండి! ఓడల వ్యాపారంతో పేరు పొందిన ఆ ఊరికి ఇప్పుడు సముద్రం చాలా దూరం. ఈ రెండు వేల ఏళ్లలో కృష్ణ ఎంత నేలను కొత్తగా పోసిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కాకతీయ గణపతిదేవుడు దివిని జయించి, ఇక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను పెళ్లాడాడు. వారి తమ్ముడు జాయపను తన గజసాహిణిగా నియమించాడు. ఓడినవారి పిల్లవాణ్ణి చేరదీసి ఏనుగుల సైన్యానికి అధిపతిని చేయడం ఆనాటి రాజనీతి. ఆ జాయప సేనానే పదమూడో శతాబ్ది నడుమ "నృత్తరత్నావళి" రచించాడు. నాట్యశాస్త్రం మీద తెలుగువాడు సంస్కృతంలో రాసిన గొప్ప గ్రంథమది. దివికి చెందినవాడు నృత్తశాస్త్రం రాయడం, తర్వాత కొన్ని శతాబ్దాలకు అదే తాలూకాలోని కూచిపూడి ఒక నాట్యరీతికే పేరు కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని మాకు మాత్రం అది గర్వకారణం. కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ ఉంది. క్షేత్రయ్య పదాల్లో మనం వినే మువ్వగోపాలుడు ఆ ఊరి దేవుడే.

ఇక శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, ఆ రాత్రి ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ "ఆముక్తమాల్యద" అవతారికలో ఉంది. తెలుగు భాషను గురించి పిల్లవాడికైనా నోటికొచ్చే ఆ పద్యం పుట్టిన సందర్భం మా తాలూకాలోనిదే. అదే దేవుణ్ణి తిడుతున్నట్టుగా పొగుడుతూ కాసుల పురుషోత్తమ కవి "ఆంధ్రనాయక శతకం" చెప్పాడు. ఆయన చల్లపల్లి సంస్థానం నాటి కవి, పెదప్రోలువాడు. మా మండలంలోని హంసలదీవి వేణుగోపాలస్వామి మీద కూడా ఆయనే శతకం రాశాడు. మన కాలానికి వస్తే, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు వాటిని ముందుండి నడిపిన మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు అవనిగడ్డ ఎమ్మెల్యేనే. ఇదంతా చూస్తే తెలుగు భాషకూ మా దివికీ ఏదో బంధుత్వం ఉందనిపిస్తుంది.

హంసలదీవి పేరుకు ఒక కథ ఉంది. అందరి పాపాలూ కడిగి కడిగి గంగ తానే నల్లబడిపోయిందట. కాకి రూపంలో తీర్థాలన్నీ తిరుగుతూ, ఏ నీటిలో మునిగితే ఈ నలుపు పోతుందో అక్కడికి చేరాలని వెతికిందట. చివరికి కృష్ణ సముద్రంలో కలిసే ఈ చోట మునగ్గానే తెల్లని హంస అయిందట. గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, గోపురం పూర్తికాకముందే కోడి కూసిందనీ కూడా చెబుతారు. కథ సంగతి అలా ఉంచండి. మాఘ పౌర్ణమికి పాలకాయతిప్ప దగ్గర సంగమంలో మునగడానికి వచ్చే జనాన్ని చూస్తే ఆ కథకు ఎంత బలం ఉందో తెలుస్తుంది. ఎడ్లబండ్ల రోజుల్లో ముందురోజే బయల్దేరేవాళ్లమని మా నాయనమ్మ చెప్పేది.

నీటి కథ

రైతుకు కావలసింది సముద్రంలో కలిసే నీరు కాదు, కాలవలో పారే నీరు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. కృష్ణా డెల్టాకు నీరు వచ్చింది. కాని నది పాయకు అవతల ఉన్న దివికి ఆ కాలవలు అందలేదు. చుట్టూ నీళ్లే, పొలానికి మాత్రం చుక్క లేదు! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయిల్ ఇంజన్లు పెట్టి, నదిలోంచి నీళ్లు తోడి దివికి ఇచ్చే పథకం నడిపారు. ఆ తర్వాత బ్రిటిషువారి కాలంలోనే పులిగడ్డ దగ్గర నది పాయ మీదుగా అక్విడక్టు కట్టి, తూర్పు గట్టు కాలవ నీటిని దివిలోకి దాటించారు. కింద నది పారుతుంటే దానిమీదుగా కాలవ పారుతుంది. అవనిగడ్డ బస్సెక్కిన ప్రతిసారీ కిటికీలోంచి దాన్ని చూస్తూనే ఉంటాను. మా సీమకు తిండి పెట్టిన కట్టడం అది. 1952లో పాత ఆనకట్టకు గండి పడితే, దాని స్థానంలో 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

కాని ఒక చిక్కు ఉంది. మేం కాలవకు చిట్టచివర ఉన్నాం. ఎగువ రైతులందరూ తడుపుకున్నాక మిగిలితేనే కోడూరు, నాగాయలంక శివారు భూములకు నీరు. ఆల్మట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్ నిండాక మిగిలితేనే బ్యారేజీకి నీరు. పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరి నీళ్లు కూడా కృష్ణా డెల్టాకు అందుతుండటం కొంత ఊరట. అయినా శివారు రైతు శివారు రైతే. జూలైలో అందరికంటే ఆఖరున నారుమడి తడిసేది అతనిదే. వరద వచ్చిందంటే మాత్రం అందరి మురుగూ వచ్చి చేరేది అతని చేలోకే.

వరద అంటే మామూలు వరద కాదు. 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చి దివిసీమను ముంచేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో అంతకు మించి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. లంకల్లో అరటి, పసుపు, కంద తోటలన్నీ నీటిపాలయ్యాయి. ఎండాకాలంలో బిందె మంచినీళ్ల కోసం ట్యాంకరు వైపు చూసే ఊళ్లే వానాకాలంలో ఇంటి కప్పు మీదికి ఎక్కాల్సి రావడం మా సీమలోని విచిత్రం.

1977 నవంబరు 19

ఈ తేదీ చెప్పకుండా దివిసీమ గురించి ఎవరూ రాయలేరు. ఆ శనివారం తుఫాను తీరం దాటే వేళ సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి వచ్చిందని చూసినవాళ్లు చెబుతారు. అయిదారు మీటర్ల ఉప్పెన మైళ్లకొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 10,000 మంది చనిపోయారన్నది ప్రభుత్వపు లెక్క. అంతకంటే ఎక్కువేనని ఇక్కడివారి నమ్మకం. పశువులకైతే లెక్కే లేదు.

మా నాయనమ్మ ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పేది కాదు. ఒక్క మాట మాత్రం అనేది: "నీళ్లొచ్చినప్పుడు భయం వెయ్యలేదురా. తెల్లారి చూస్తే భయం వేసింది." ఆ తర్వాత రెండేళ్లు చేలో ఉప్పు తెల్లగా పేరుకుని కనబడేదట. మంచినీటి చెరువులన్నీ ఉప్పయిపోయాయి. దేశం నలుమూలల నుంచీ స్వచ్ఛంద సంస్థలూ విద్యార్థులూ వచ్చి శవాలు తీశారు, ఇళ్లు కట్టారు. మండలి వెంకటకృష్ణారావుగారు ఆ పునర్నిర్మాణంలో ముందు నిలబడ్డారు. నేడు తీరగ్రామాల్లో కనిపించే తుఫాను షెల్టర్లు, సరుగుడు తోటలు ఆ గుణపాఠం నుంచి వచ్చినవే.

గుణపాఠం వృథా కాలేదని చెప్పడానికి మరో తేదీ ఉంది. 1990 మే 9న దాదాపు అంతటి తుఫానే మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరించారు. లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. రాష్ట్రం మొత్తం మీద మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉంది. అదీ తక్కువ సంఖ్య కాదు. కాని పదమూడేళ్ల కిందటి దానితో పోలిస్తే ఒక కబురు సమయానికి చేరడం ఎన్ని ప్రాణాలను కాపాడుతుందో అర్థమవుతుంది.

ప్రకృతి

మా పెద్దవాళ్లు ఇంకో మాట కూడా చెబుతారు. ఉప్పెన రోజున మడ అడవి దట్టంగా ఉన్నచోట నీటి ఉరవడి తగ్గిందనీ, అడవి కొట్టేసిన చోట అడ్డే లేకపోయిందనీ. ఇందులో సైన్సు ఉంది. మడచెట్టు వేళ్లు బురదలో వలలాగా అల్లుకుని ఉంటాయి. కొన్నిటికి వేళ్లు నేలలోంచి మేకుల్లాగా పైకి పొడుచుకొస్తాయి. బురదలో గాలి ఆడదు కనక అవి పైకి వచ్చి ఊపిరి పీల్చుకుంటాయన్నమాట. ఆ అల్లిక అలల జోరును విరుస్తుంది, నది తెచ్చిన ఒండ్రును పట్టి ఉంచుతుంది, రొయ్యపిల్లకూ చేపపిల్లకూ పీతకూ పురిటిల్లు అవుతుంది. మడ, పొన్న, తిల్ల, ఇలా రకరకాల చెట్లున్నాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కళ్లు పోతాయని కట్టెలు కొట్టేవాళ్లు దాని జోలికి పోరు. ఆ భయమే ఆ చెట్టుకు రక్ష.

నాగాయలంక, కోడూరు తీరాల నుంచి నది అవతల బాపట్ల జిల్లా దాకా సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవిని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అందులో అందరికంటే గొప్ప నివాసి బావురుపిల్లి. పిల్లి నీళ్లకు భయపడుతుందని మన నమ్మకం కదా, ఇది నీళ్లలోకి దూకి చేపను పడుతుంది. దాని కాలివేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది. ప్రపంచంలో తగ్గిపోతున్న జాతి ఇది. పడవవాళ్లకు కూడా అది కనిపించడం అరుదే. బురదలో అడుగుజాడలు మాత్రం కనిపిస్తాయి.

శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మా తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్కటి ఇసుకలో గుంట తీసి వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. కుక్కలూ నక్కలూ ఆ గుడ్లను తవ్వేస్తాయి. అందుకని అటవీశాఖవాళ్లు స్థానిక జాలరుల సాయంతో గుడ్లు ఏరి కంచె వేసిన చోట పొదిగిస్తారు. సుమారు యాభై రోజులకు పిల్లలు వస్తాయి. సాయంత్రం వాటిని ఇసుకలో వదిలితే అగ్గిపెట్టెంత లేని ఆ ప్రాణాలు సముద్రం ఎటుందో ఎవరూ చెప్పకుండానే అటు నడిచి పోతుంటాయి. ట్రాలర్ల వలల్లో చిక్కి చచ్చిన తల్లి తాబేళ్లు కూడా అదే ఇసుక మీదికి కొట్టుకొస్తాయి. రెండూ చూడవలసిన దృశ్యాలే.

పాముల సంగతీ చెప్పాలి. 2018 ఆగస్టులో దివిసీమలో వందమందికి పైగా పాముకాటుకు గురై ఆస్పత్రికి చేరారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం జరిపించారు. అక్కడ స్వామి పాముచుట్ట మీద లింగంగా వెలసినవాడు. పాముకు మొక్కడం మాకు కొత్త కాదు. అయితే గట్ల మీద ఎలుకలుంటాయి, ఎలుకల కోసం పాములుంటాయి, అదే గట్ల మీద ఉత్తకాళ్లతో కూలీ నడుస్తాడు. మొక్కుతో పాటు మోకాలిదాకా బూటు కూడా ఉంటే మంచిదని నా మనవి.

బ్రతుకుతెరువు

మా ప్రధాన పంట వరి. దాని వెనకాలే మినుము. ఈ మినుము సంగతి బయటివాళ్లకు వింతగా ఉంటుంది. వరి కోయకముందే, రెండు మూడు రోజుల ముందుగా, నిలువు చేలోనే మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, తడి పెట్టేది లేదు. కోత అయ్యేసరికి మొలక వస్తుంది. నేలలోని తేమతో, రాత్రి మంచుతో పంట పండుతుంది. డెల్టా రైతు తెలివికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తీరాన చేపల వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో మరపడవల వేట నిషేధం. అప్పుడు గడవడం కష్టం. పాయల్లో పీతలు పట్టే యానాది కుటుంబాలకూ, వలకు పడిన పండుగప్పను తెల్లారకముందే అమ్ముకోవాల్సిన జాలరులకూ మడ అడవే బ్యాంకు. ఎదురుమొండి దీవులవాళ్లయితే ఆస్పత్రికైనా కాలేజీకైనా దశాబ్దాలుగా పంటు మీదే నది దాటుతూ వచ్చారు. పులిగడ్డ-పెనుమూడి వంతెన, ఉల్లిపాలెం-భవానీపురం వంతెన వచ్చాక మాకు రేపల్లె, బందరు దగ్గరయ్యాయి. వంతెన విలువ తెలియాలంటే దీవిలో పుట్టాలి.

అవనిగడ్డలో మరో "పంట" కూడా ఉంది. టీచరు ఉద్యోగాలకు తర్ఫీదు ఇచ్చే డీఎస్సీ కోచింగు సెంటర్లు. నోటిఫికేషను పడిందంటే రాష్ట్రం నలుమూలల నుంచీ అభ్యర్థులు వచ్చి ఆ చిన్న ఊళ్లో గదులు అద్దెకు తీసుకుంటారు. మెస్సులూ, జిరాక్సు షాపులూ కళకళలాడతాయి. ఇక నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. దాంతో మా కుర్రాళ్లకు ఎన్ని ఉద్యోగాలొస్తాయో, వేటకు ఎంత మేర హద్దులు పడతాయో చూడాలి.

భూమి గురించి ఒక మాట. చల్లపల్లి జమీందారీ భూముల కోసం ఇక్కడ పెద్ద పోరాటాలే జరిగాయి. 1969లో కూడా పేదలు ఎర్రజెండాలతో ఆ భూముల్లోకి దిగారు. ఎకరం నేల కోసం జైలుకు వెళ్లినవాళ్లు ఉన్న ప్రాంతం ఇది. అలాంటి నేల ఇప్పుడు ఏమవుతోంది అన్నదే నా అసలు ప్రశ్న.

చేను చెరువైతే

1990ల మొదట్లో టైగరు రొయ్య వచ్చింది. ఎకరానికి వేలల్లో చూసిన రైతు లక్షలు చూశాడు. 1994-95కల్లా తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులన్నీ ఊడ్చుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. 2009 తర్వాత వనామి రొయ్యతో మళ్లీ ఊపు వచ్చింది. రొయ్య పండినవాడు మేడ కట్టాడు, పిల్లల్ని అమెరికా పంపాడు. కాదనను. కాని 2025లో అమెరికా దిగుమతి సుంకాలు పెంచగానే మా చెరువు గట్ల మీద రొయ్య ధర పడిపోయింది. వాషింగ్టన్‌లో సంతకం పెడితే కోడూరులో మేత అప్పు పెరగడం ఈ వ్యాపారం తీరు.

అసలు చిక్కు ధర కాదు, ఉప్పు. చెరువులోకి పెట్టిన ఉప్పునీరు చెరువులోనే ఉండదు, పక్క చేలోకి ఊరుతుంది. ఇది నాకు పుస్తకంలోంచి తెలియలేదు. మా పొలం రెండున్నర ఎకరాలు. పక్క చేను వేరే ఊరి ఆసామి లీజుకు తీసుకుని చెరువు తవ్వాడు. నడుమ ఊటకాలవ తీయమని నాన్న అడిగితే "ఇదిగో, అదిగో" అన్నాడు. రెండో ఏడు మా నాట్లు గట్టువైపు వరసల నుంచి ఎర్రబడి చచ్చిపోవడం మొదలైంది. మూడో ఏడు అదే ఆసామి మా ఇంటికి వచ్చి "మీదీ ఇచ్చేయండి, వరి మీద మిగిలేదానికి మూడింతలు లీజు ఇస్తా" అన్నాడు. నాన్న హాస్టలుకు ఫోను చేసి "చదువుకుంటున్నావుగా, ఏం చేద్దామంటావు?" అని అడిగాడు. నా దగ్గర చప్పున జవాబు లేదు. నా ఫీజు కూడా ఆ పొలంలోంచే రావాలి మరి!

ఒక డెల్టా, ఇంకో డెల్టా

జవాబు వెతుక్కుంటూ లైబ్రరీలో కూర్చుంటే ఒక ఆశ్చర్యం ఎదురైంది. ఎక్కడో స్పెయిన్ దేశంలో, కాటలోనియా ప్రాంతంలో, ఎబ్రో నది డెల్టా ఉంది. సుమారు 320 చదరపు కిలోమీటర్లు. అక్కడా వరే! కాలవలు, చేలు, కొంగలు, రాజహంసలు, చేపల వేట అచ్చంగా మనవాటిలాగే. 1960లలో నది మీద మెకినెంసా, రిబరోజా అనే పెద్ద జలాశయాలు కట్టారు. కరెంటు వచ్చింది. కాని నది తెచ్చే ఒండ్రు దాదాపు అంతా ఆ జలాశయాల్లోనే ఆగిపోయింది. మట్టి అందని డెల్టా కుంగుతోంది, సముద్రం దాన్ని కొరుకుతోంది. 2020 జనవరిలో "గ్లోరియా" అనే తుఫాను వచ్చి వేల ఎకరాల వరిపొలాల్లోకి ఉప్పునీరు ఎక్కించింది. నీళ్లే కాదు, ఒండ్రు కూడా వదలాలని అక్కడి రైతులు ఇప్పుడు అడుగుతున్నారు.

మన కృష్ణదీ అదే కథ. ఎగువ జలాశయాలు కట్టాక నది సముద్రానికి తెచ్చే ఒండ్రు చాలావరకు తగ్గిపోయిందనీ, డెల్టా అంచు అక్కడక్కడ వెనక్కి పోతోందనీ పరిశోధకులు తేల్చారు. ప్రాజెక్టులు వద్దని నేనడం లేదు. అవి లేకపోతే మా అన్నమే లేదు. కాని రెండు వేల ఏళ్లు నేలను పెంచిన నది ఇప్పుడు పెంచడం మానేసిందన్న నిజాన్ని మనం లెక్కలోకి తీసుకోవాలి. ఇక మిగిలిన నేలను పట్టి ఉంచేవి మూడే: కాలవలో వచ్చే తీపి నీరు, తీరాన ఉన్న మడ అడవి, చెదిరిపోని కరకట్ట. చేలన్నీ ఉప్పునీటి చెరువులైతే సముద్రాన్ని మనమే గడప దాటించి లోపలికి పిలిచినట్టు.

చేయగలిగిన పనులు పెద్ద విద్యలేమీ కావు. కాలవ శివారుకు నీరు వంతు ప్రకారం అందాలి. మురుగు కాలవలు పూడిక తీసి, సముద్రపు పోటు నీరు వెనక్కి ఎక్కకుండా వాటి చివర తలుపులు పని చేయాలి. ఉప్పు చెరువుకూ వరి చేనుకూ మధ్య ఊటకాలవ తప్పనిసరి కావాలి. మడను కొట్టకూడదు, పోయినచోట నాటాలి. ఇక ఘంటసాల, శ్రీకాకుళం, కూచిపూడి, మోపిదేవి, హంసలదీవి ఒకే దారిలో చూసి రావచ్చు. అలా వచ్చే యాత్రికుడు సంగమంలో మునిగి ప్లాస్టిక్ వదిలేసి పోవడం కాక, ఒక పూట పడవెక్కి మడ అడవి చూసి, ఊళ్లో అన్నం తిని వెళ్లే ఏర్పాటుంటే పడవవాడికీ నాలుగు డబ్బులు దొరుకుతాయి.

మిత్రులారా, ఈ సంచిక చదివినవారిలో ఎవరైనా మాఘ పౌర్ణమికి హంసలదీవి వస్తే కోడూరులో దిగండి. మా ఇంట్లో భోజనం చేసి వెళ్దురుగాని. మా పొలం సంగతి అడుగుతారేమో, అది కూడా చెప్పేస్తాను. సెలవుల్లో ఇంటికి వెళ్లి నాన్నా నేనూ గట్టు వారగా మా వైపునే ఊటకాలవ తవ్వాం. నాలుగు రోజులు పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. గట్టువైపు అయిదు వరసలు వదిలేసి, మిగతాదంతా నాటాం. వరి కోతకు ముందు మినుములు కూడా చల్లాం. ఆసామికి "ఈ ఏటికి ఇవ్వం" అని చెప్పాడు నాన్న. వచ్చే ఏటి మాట కాలవ నీళ్లు చెప్పాలి.